తొమ్మిదో నిబంధన

తొమ్మిదో నిబంధన రాసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఈ కథ పొడుగునా నేను ఎవరెవరి మీదో విరుచుకుపడుతూ ఉంటే, పాపం ఈవిడ ఎంత మంచిదో అని మీరు అనుకునే ప్రమాదం ఉంది.

నా పేరు హైమవతి. పశువైద్యం చదివాను. అందులోనూ నా విద్య కోళ్ళ రోగాలు. పాతికేళ్ళపాటు చచ్చిన కోళ్ళను కోసి అవి ఎందుకు చచ్చాయో చెప్పడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్ళు పిలిచి కుర్చీ వేశారంటే, అది నా గొప్పతనం కాదు. నూకరత్నం వల్ల.

నూకరత్నం అనపర్తి దగ్గర ఒక ఫారంలో కోళ్ళకు టీకాలు వేసే మనిషి. కోడిపిల్లలు పాలిపోయి, రక్తం లేక చచ్చిపోయే వైరస్ ఒకటుంది. అది పిల్లలకు రాకుండా తల్లికోళ్ళకు ముందే టీకా వేస్తారు. ఒకరు కోడిని పట్టుకుంటారు. ఇంకొకరు రెక్క చాపి, రెక్క మడతలో ఉండే పల్చటి పొరకు రెండు మొనల సూదిని గుచ్చి లాగేస్తారు. టీకాలో ముంచడం, గుచ్చడం, వదిలేయడం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. పొరకు ఇవతల సూది, అవతల ఆ మనిషి వేలు. కోడి ఒక్క గింజు గింజుకుంటే సూది వేల్లో దిగుతుంది. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ పనిలో పడాల్సిందే.

షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళకు రెండే సూదులు. ఆ రెండే చేతులు మారుతూ అందరి వేళ్ళలోనూ దిగేవి. ఒకామెకు ఉన్న కామెర్ల వైరస్ ఇంకో ముగ్గురికి అలాగే అంటింది, ఆ ముగ్గురిలో నూకరత్నం ఒకతె. కాలేయంలో ఏళ్ళ తరబడి నక్కి కూర్చుని చివరికి క్యాన్సర్ తెప్పించే రకం అది. కోళ్ళకు ఎండ తగలకుండా షెడ్డులో ఫ్యాన్లు, నీటి తుంపరలు ఉన్నాయి. ఆడవాళ్ళకు చేతి తొడుగులు ఇవ్వాలని మాత్రం ఒక్కడికీ తోచలేదు.

నాలుగేళ్ళ కిందట ఆ ఫారంలో పిల్లలు చచ్చిపోతుంటే చూడ్డానికి వెళ్ళాను. నా పని నేను చేసుకుంటుంటే నలభై దాటిన ఒకామె, చేతిలో ప్లాస్టిక్ సంచీతో వచ్చి నిలబడింది.

"డాట్రమ్మగారండీ, మీరు కోళ్ళనేనా, మనుసుల్ని కూడా సూత్తారా?"

"కోళ్ళనే."

"పర్లేదండి. ఇదీ ఈ షెడ్డులోదేనండి," అంటూ సంచీలోంచి రెండు స్కాన్ ఫిల్ములు తీసింది.

మొదటి దాంట్లో కాలేయం మీద నిమ్మకాయంత గడ్డ. పెద్దాసుపత్రిలో ఆర్నెల్లు గడిస్తే గొప్ప అన్నారట. చేసేదేముంది, మళ్ళీ పనికి వచ్చేసింది. పది నెలల తర్వాత తీసిన రెండో దాంట్లో అదే చోట అదే గడ్డ, ఉసిరికాయంత.

"డాట్రుగారేమో మొదటి పోటో తప్పన్నారండి. తప్పయితే నాకు పచ్చకళ్ళు ఎందుకొచ్చినియ్యండి?"

ఆ ప్రశ్న అడగాల్సింది చదువుకున్న డాక్టరు. అడిగింది ఐదో తరగతి దాకా చదివిన నూకరత్నం. ఆ రోజు ఆమె రక్తం తీసుకుని విశాఖ వచ్చాను. ఏడాదిపాటు నిద్రాహారాలు మాని వెతికితే తేలింది ఇది. ఆ ఫారంలో తిరుగుతున్న కోళ్ళ వైరస్ కొంచెం రూపు మార్చుకుంది. సూది పోట్లతో నూకరత్నం ఒంట్లోకి వెళ్ళి, కాలేయం దాకా చేరి, అక్కడి గడ్డను తింటోంది. ఆ సంగతి విని క్యాన్సర్ కేంద్రం వాళ్ళు నన్ను పిలిచారు.

గడ్డను తినేది వైరస్ మొత్తం కాదు, అందులోని ఒకే ఒక్క ప్రోటీన్. దానికి ఆకుపచ్చ మెరుపు అద్ది, రెండు గాజు పళ్ళేల్లో వదిలి సూక్ష్మదర్శినిలో చూశాం. మొదటి పళ్ళెంలో ఆరోగ్యంగా ఉన్న కాలేయ కణాలు. ఆకుపచ్చ రంగు కణంలోకి వెళ్ళింది కానీ నడిమధ్య ఉండే కేంద్రకంలోకి అడుగుపెట్టలేదు. అల్లుడింటికి వచ్చిన మర్యాదస్తుడిలా వసారాలోనే కూర్చుని వెళ్ళిపోయింది. రెండో పళ్ళెంలో క్యాన్సర్ కణాలు. అక్కడ నేరుగా కేంద్రకంలోకి దూరింది. మర్నాటికి ఆ కణాలు ముడుచుకుపోయి, బుడగలు బుడగలుగా విడిపోయి, వాటంతట అవే చచ్చాయి. పాడైపోయిన కణం తనను తాను చంపుకోవడం మన ఒంటికి పుట్టుకతో తెలిసిన విద్య. క్యాన్సర్ కణం ఆ విద్యను మరిచిపోతుంది. ఈ ప్రోటీన్ లోపలికి వెళ్ళి గుర్తు చేస్తుంది, అంతే. మంచిచెడ్డలు చూసి తీర్పు చెబుతోందని మా ప్రయోగశాలలో దానికి తీర్పరి అని పేరు పెట్టుకున్నాం.

దాన్ని సన్నటి కొవ్వు బొట్లలో చుట్టి సెలైన్‌లో ఎక్కించే మందుగా మార్చడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. తర్వాత రోగుల మీద పరీక్ష. ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో నిబంధనలు రాయమన్నారు. రాశాను.

మందల మీద పని చేసినదాన్ని కదా. మందలో ఏ మందు పరీక్షించాలన్నా ముందు తేడాగా ఉన్న కోళ్ళను ఏరి అవతల పారేస్తాం. అవి ఉంటే ఫలితం చెడుతుంది. అదే చేత్తో తొమ్మిదోది రాశాను: "కోళ్ళ వైరస్‌కు యాంటీబాడీలు ఉన్నవారు ఈ పరీక్షకు అర్హులు కారు." ఒంట్లో ముందే ఆ యాంటీబాడీలు ఉంటే మందు కాలేయం చేరకముందే దాన్ని పట్టి చంపేస్తాయి. శాస్త్రం ప్రకారం చూస్తే అక్షరం తప్పు లేదు. రాసి టీ తాగాను. కోళ్ళ వైరస్‌కు యాంటీబాడీలు ఎవరికుంటాయి అని ఆలోచించలేదు. లోకంలో ఇంకెవరికుంటాయి, కోళ్ళకు టీకాలు వేసే ఆడవాళ్ళకు తప్ప!

పరీక్ష మొదలై ఎనిమిది నెలలయ్యాక నూకరత్నం ఫోన్ చేసింది.

"మళ్ళీ పెరిగిందంటండి. ఈసారి బత్తాయంత."

ఎందుకు పెరిగిందో నాకు చెప్పకుండానే అర్థమైంది. గుచ్చుకోగా గుచ్చుకోగా ఆమె ఒళ్ళు ఆ వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంది. ఇప్పుడు వేల్లో దిగిన వైరస్‌ను దిగినచోటే చంపేస్తోంది. ఏ పోట్లు ఆమెను నాలుగేళ్ళు బతికించాయో ఆ పోట్లే ఇప్పుడు అడ్డం తిరిగాయి. "బయల్దేరి వచ్చెయ్," అన్నాను. మర్నాడు తోడికోడలు పాపాయమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పాపాయమ్మదీ అదే షెడ్డు. ఆమెకూ పరీక్షలు చేయిస్తే కాలేయంలో పెసరగింజంత మచ్చ కనబడింది.

మా కేంద్రం డైరెక్టర్ డాక్టర్ పరాంకుశం గారు. ఆయన గొంతు పెంచడం ఎవరూ వినలేదు. అందుకే ఆయన మీద నాకు అంత మంట.

"మార్గం ఉంది సార్," అన్నాను. "డయాలిసిస్ లాంటి మెషీన్ మీద నాలుగు గంటలు పెట్టి రక్తంలోంచి యాంటీబాడీలు తీసేద్దాం. అవి మళ్ళీ పుట్టడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు మందు ఎక్కించేద్దాం. మెషీన్ మన ఆసుపత్రిలోనే ఉంది."

"ఉంది. తొమ్మిదో నిబంధన కూడా ఉంది."

"ఈ మందు పుట్టిందే ఆమె ఒంట్లో సార్!"

"కాదనను. కానీ ఆవిడకేమన్నా అయితే ఆ మరణం మన పరీక్ష ఖాతాలో పడుతుంది. అరవై రెండు మంది రోగులు, మీ నాలుగేళ్ళ కష్టం. పోనీ నిబంధన మీది, మీరు సంతకం పెట్టి కొట్టేయండి. అప్పుడు పరీక్ష మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టమని పైవాళ్ళు అనొచ్చు. మీ ఇష్టం హైమవతి గారూ."

అనొచ్చు అన్నాడాయన. అంటారని కాదు. ఆ ఒక్క మాటకు నేను జడిసిపోయాను. నాలుగేళ్ళ పని, నా పేరుతో రాబోయే పరిశోధన పత్రం, కోళ్ళ డాక్టరని వెనకాల నవ్విన వాళ్ళ మొహాలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. "ప్రత్యేక అనుమతికి ఢిల్లీకి దరఖాస్తు పెడతాను సార్," అన్నాను. ఆయన ఎంతో సంతోషించారు. ఇంటికి వచ్చి పరాంకుశాన్ని తిట్టాను, ఢిల్లీని తిట్టాను, ఫారం యజమానిని తిట్టాను. పాపాయమ్మ నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఎందుకండి అమ్మగారూ, మాకోసం అంత ఆయాసపడతారు?"

నీళ్ళు తాగి గ్లాసు తిరిగిచ్చాను.

వాళ్ళిద్దరూ నా క్వార్టర్స్‌లోనే ఉన్నారు. కూర్చోమంటే నూకరత్నానికి చేతకాదు. పచ్చబడ్డ కళ్ళతో, ఉబ్బిన పొట్టతో నా వంటింటి గట్టు రుద్దేది. సముద్రం చూస్తానంటే ఒకరోజు తీసుకెళ్ళాను. నీళ్ళ అంచున నిలబడి అలలకేసి కాసేపు చూసి, "ఇదెవరికీ టీకాలెయ్యక్కర్లేదు, ఊరికే వచ్చి పోతంది," అని నవ్వింది. వచ్చేటప్పుడు పాపాయమ్మ నెత్తళ్ళ చేపలు కొని వేపుడు చేసింది. నూకరత్నం పళ్ళెం ముందు కూర్చుంది కానీ ముద్ద దిగలేదు.

"తినక్కా, నీకోసవే చేశాను."

"వాసనకే కడుపు నిండిపోయిందే. డాట్రమ్మగారికెయ్యి. కోప్పడీ కోప్పడీ నీరసవొచ్చింది."

దరఖాస్తు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడుస్తూనే ఉంది. రోజూ ఫోన్ చేసేదాన్ని. రోజూ ఒకే జవాబు, పరిశీలనలో ఉంది. ఏమిటి పరిశీలించేది? మనిషి ఇక్కడ ఉంది, మందు ఫ్రిజ్‌లో ఉంది, రెండింటికీ మధ్య ఒక కాలిబాట ఉంది. అది దాటడానికి ఎవరికో ఢిల్లీలో తీరిక కావాలి. ఇవన్నీ రోజూ అరిచేదాన్ని. నా టేబుల్ సొరుగులో ఉన్న నిబంధనల పుస్తకం మాత్రం తీసేదాన్ని కాదు.

పదిహేనో రోజున మా కేంద్రానికి నిధులిచ్చే పెద్దలు వచ్చారు. పరాంకుశం గారు పెద్ద సభ పెట్టారు. పత్రికలవాళ్ళు, కెమెరాలు, పూల కుండీలు. నూకరత్నాన్ని కూడా పిలిచారు. మందు ఇవ్వడానికి అనుకుంటున్నారా? శాలువా కప్పడానికి! "మానవజాతికి ఒక ఔషధాన్ని ప్రసాదించిన శ్రమజీవి" అని మైకులో చదివారు. ఆమెను వేదిక ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. పరాంకుశం గారు బంగారు జరీ శాలువా విప్పి రెండు చేతులా పట్టుకుని నవ్వుతూ ముందుకొచ్చారు.

నూకరత్నం ఒక అడుగు వెనక్కి వేసింది.

"శాలవా ఎందుకండి, ఉక్కపోత్తంది. ఆ మందేదో ఎయ్యండి."

మైకు దగ్గర్లోనే ఉంది. హాలంతా వినబడింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. పరాంకుశం గారి చేతుల్లో శాలువా అలాగే ఉండిపోయింది. మర్నాడు ఆ ఫోటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. పదిహేను రోజుల్లో కదలని ఫైలు నాలుగు రోజుల్లో పరిగెత్తుకుంటూ వచ్చింది. జాలికి కదల్లేదు, న్యాయానికి కదల్లేదు, సిగ్గుకు కదిలింది. అనుమతి చివర మా కేంద్రం తరఫున చేర్చిన ఒక షరతు: ఈ రోగి బతికినా చచ్చినా ఆ ఫలితాన్ని పరీక్షలో చేర్చరాదు. కింద పరాంకుశం గారి సంతకం.

పందొమ్మిదో రోజు పొద్దున్న మెషీన్ మీద పెట్టాం. నాలుగు గంటలు రక్తం బయటికి వెళ్ళి, శుభ్రపడి లోపలికి వచ్చింది. యాంటీబాడీలు పోయాయి. మధ్యాహ్నం తీర్పరిని ఎక్కించాం. రెండో రోజుకే రక్తంలో గడ్డ తాలూకు గుర్తులు సగానికి పడిపోయాయి. మూడో రోజుకు ఇంకా పడిపోయాయి. అరవై రెండు మందిలో ఎవరికీ ఇంత వేగంగా పనిచేయలేదు. నేను ఆసుపత్రి వరండాలో నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే.

నాలుగో రోజు ఆమె కళ్ళు ఇంకా పచ్చబడ్డాయి. కాలేయం డాక్టరు నన్ను పక్కకు పిలిచి రెండు స్కాన్లు వేలాడదీశాడు. ఆమె నా ఇంటికి వచ్చిన రోజున తీసిన దాంట్లో సగం కాలేయం బాగుంది. ఇప్పటి దాంట్లో గడ్డ చచ్చిపోతోంది, కానీ ఆ పందొమ్మిది రోజుల్లో అది తినగా మిగిలిన మంచి కాలేయం గుప్పెడు కూడా లేదు.

"మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందండి," అన్నాడు పాపం ఆ కుర్ర డాక్టరు. "మనిషి నిలబడ్డానికే లోపల ఏమీ మిగల్లేదు."

ఆ సాయంత్రం నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళ చివర్లన్నీ చిన్న చిన్న గట్టి మచ్చలు, సూది పోట్లవి.

"పని చేసిందాండి?"

"చేసింది నూకరత్నం. చాలా బాగా చేసింది."

"మరింకేటండి. మన పాపాయికీ ఎయ్యండి."

ఆరో రోజు తెల్లవారాక చనిపోయింది.

పదిహేను రోజుల తర్వాత కాలేయం ముక్క స్లైడు నా దగ్గరకు వచ్చింది. వేల స్లైడ్లు చూసిన కళ్ళు నావి. ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికాను. ఒక్క క్యాన్సర్ కణం కూడా ప్రాణంతో లేదు. క్యాన్సర్ పూర్తిగా నయమైన మనిషిని మేము కాటికి పంపాం.

పరాంకుశం గారు ఆ స్లైడు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అద్భుతం హైమవతి గారూ! యాంటీబాడీలు ఉన్నవాళ్ళకీ పనిచేయించవచ్చని ఇంతకన్నా రుజువేం కావాలి? ఇది మన పత్రంలో ఉండి తీరాలి."

"చేర్చరాదని రాసింది మీరే కదా సార్."

"అప్పటి పరిస్థితి వేరు."

"అప్పుడామె బతికి ఉంది. అదేనా వేరు?"

గది బయట నలుగురు పోగయ్యేలా అరిచాను. బతికుంటే లెక్కలోకి రాని మనిషి చచ్చాక ముద్దొచ్చిందా అన్నాను. శాలువా ఇప్పుడు కప్పండి, ఇక ఉక్కపోయదు అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన తల వంచుకుని అంతా విని, మెల్లగా ఒక్క మాటన్నారు.

"ఆ పాపాయమ్మగారికి మచ్చ ఉందన్నారు కదా. నిబంధన మార్చాలంటే ఈ స్లైడు కావాలి."

స్లైడు అక్కర్లేదు. నిబంధన మార్చడానికి నా సంతకం చాలు, మొదటి నుంచీ చాలు. ఆ విషయం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. సొరుగులోంచి పుస్తకం తీసి తొమ్మిదో నిబంధన మీద అడ్డంగా గీత గీసి, పక్కన సంతకం పెట్టాను. పైవాళ్ళు పరీక్ష ఆపలేదు. మళ్ళీ మొదలుపెట్టమనలేదు. మర్నాడు మధ్యాహ్నానికి "గమనించాం" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఇన్నాళ్ళూ నేను భయపడింది దీనికా!

"స్లైడు వాడుకోండి," అన్నాను పరాంకుశం గారితో. "కానీ ముందు నాతో షెడ్డుకు రండి. ఎందుకు ఆలస్యమైందో ఆ పదకొండు మందికీ మీ నోటితో చెప్పండి." నా నోటితో చెప్పే ధైర్యం లేకే ఆయన్ని లాక్కెళ్ళానని దారిలో సగం దూరం వెళ్ళాక నాకు తెలిసింది.

మేము వెళ్ళేసరికి టీకాల పని నడుస్తోంది. ఎవరూ ఆపలేదు. ఈకల ధూళికి పరాంకుశం గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. మీ అందరికీ పరీక్షలు చేయిస్తామని, అవసరమైన వాళ్ళకు ఇకమీదట ఈ వైద్యం అందుతుందని చెప్పారు. బాగానే చెప్పారు.

పాపాయమ్మ ఒక కోడి రెక్క చాపి, సూది దించి, దాన్ని వదిలేసి ఇటు తిరిగింది.

"ఇకమీదట అంటే మంచిదేనండి. మరి మా అక్కకెందుకు ఆపేరండి?"

"ఒక నిబంధన ఉండేదమ్మా. ఈ టీకాల పనిచేసే వాళ్ళకు ఇవ్వకూడదని."

"ఎవరు రాసేరండి, అది?"

పరాంకుశం గారు నావైపు చూశారు. కోపంతో కాదు. నన్ను తప్పించడానికే చూశారు. "అదీ... కమిటీ..." అని మొదలుపెట్టారు.

"నేను రాశాను," అన్నాను.

పాపాయమ్మ సూది పక్కన పెట్టింది. "మీరాండి?" అంది. పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే పని ఆపారు.

"మా అక్క పందొమ్మిది రోజులు మీ ఇంట్లోనే ఉందండి."

"ఉంది."

"మీ గట్టు కడిగిందండి."

"కడిగింది పాపాయమ్మా."

"ఇప్పుడు తీసేసేరా, అది?"

"తీసేశాను. పెన్నుతో గీత కొట్టి సంతకం పెట్టాను."

"ఎంతసేపు పట్టిందండి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కమిటీలు, ఢిల్లీ, ఫైళ్ళు, ఎన్ని లేవు చెప్పడానికి! పదకొండు మందీ నా మొహంలోకే చూస్తున్నారు. కోళ్ళు గోలగోలగా అరుస్తున్నాయి.

"ఒక్క నిమిషం," అన్నాను.

పాపాయమ్మ తిట్టి ఉంటే బాగుండేది, మీద పడి కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. పక్కామె చేతిలోని కోడి రెక్క అందుకుంది. సూదిని టీకాలో ముంచి, "పనికానీండే," అంది మిగతావాళ్ళతో. నేను ఇంకా నిలబడే ఉన్నానని తెలిసి కూడా మళ్ళీ తల ఎత్తలేదు.